750 నాణేల సేఠు

‘ఓపెన్ వరల్డ్’ అనే మాటకు వీడియో గేముల పరిభాషలో అర్థం, ఆటగాణ్ణి ఒకే దారి వెంట చేయి పట్టుకుని నడిపించకుండా, ఒక దేశాన్నంతా అతని ముందు పరిచి, ఇష్టమైన దిక్కుకు పొమ్మని వదిలిపెట్టే పద్ధతి. దానికి ‘రోల్ ప్లేయింగ్’ కూడా తోడైతే, అంటే ఆటగాడు తనకొక పాత్రను కల్పించుకుని ఆ పాత్ర నేర్పునూ పలుకుబడినీ అంచెలంచెలుగా పెంచుకునే ఏర్పాటు ఉంటే, ఆ ఆటకు ఆటగాళ్లతో పాటు భక్తులు కూడా ఏర్పడతారు. అటువంటి భక్తికి నోచుకున్న ఆటల్లో, బెథెస్డా గేమ్ స్టూడియోస్ అనే అమెరికా సంస్థ 2011 నవంబర్ 11న విడుదల చేసిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ది ముందువరుస. 2023 నాటికి 6 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయని దాని దర్శకుడు టాడ్ హోవార్డే చెప్పాడు. మంచుకొండలూ, వాటి మీద రాత్రివేళ పరుచుకునే రంగుల వెలుగులూ కళ్లకు పండగే. దానిమీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా భక్తుల మూలసిద్ధాంతంతోనే. ఆ లోకం ప్రాణమున్న లోకమనీ, అందులోని మనుషులకు ఆటగాడితో నిమిత్తం లేకుండా తమ బతుకులు తమకు ఉన్నాయనీ, కమ్మరి కొలిమి రాజేస్తాడనీ, దుకాణదారు పొద్దున కొట్టు తెరిచి రాత్రికి కట్టేస్తాడనీ వారి వాదం. ఈ వాదాన్ని పరీక్షించడానికి పండితసభ అక్కర్లేదు. సూరత్ రింగ్ రోడ్డు మీద గుడ్డల మార్కెట్లో కూర్చునే చిన్నపాటి సేఠు ఒక్కడు చాలు.

ఆ ఆటలో వైట్‌రన్ అనే నగరముంది. ఆ నగరంలో బెలెథోర్ అనే సకలవస్తు వ్యాపారి ఉన్నాడు. తనకు చెల్లెలంటూ ఉంటే ఆమెను కూడా అమ్మేసేవాణ్ణని గిరాకీ ముందు గొప్పలు పోయే ఈ మహావర్తకుడి గల్లాపెట్టెలో ఉండేది ఇంచుమించు 750 నాణేలు. ఇది అతనొక్కడి దరిద్రం కాదు, ఆ దేశంలో చిల్లర వ్యాపారులందరికీ రచయితలు పంచిపెట్టిన సమానభాగం. ఆటగాడు ఆకాశం దద్దరిల్లేలా డ్రాగన్‌ను చంపి, ఒక్కొక్కటి 15 తులామానాలు తూగే దాని ఎముకలను వీపున వేసుకుని కొట్టుకు వస్తే, రెండు మూడు ఎముకలు కొనేసరికి సేఠు గల్లా ఖాళీ అవుతుంది. అప్పుడు భక్తులు ఆచరించే విధి ఒకటుంది: ‘నిరీక్షించు’ అనే ఆజ్ఞను విడతకు 24 గంటల చొప్పున రెండుసార్లు ప్రయోగించి 48 గంటలు గడపడం. రెండు పగళ్లూ రెండు రాత్రులూ కత్తీ డాలూ ధరించి కొట్టు నడిమధ్య కదలకుండా నిలబడ్డవాణ్ణి ‘ఏమయ్యా, ఏం కావాలి?’ అని అడిగే నాథుడుండడు. గడువు తీరగానే గల్లాలో మళ్లీ అవే 750 నాణేలు ప్రత్యక్షమవుతాయి; అమ్మిన ఎముకలు మాత్రం ఎవరు కొన్నారో, ఏ ఊరికి పోయాయో ఆనవాలు లేకుండా అంతర్ధానమవుతాయి. ఆ సరుకు ఏమైందని అడగకూడదు, భక్తిలో ప్రశ్నకు తావు లేదు.

17వ శతాబ్దంలో ఇదే సూరత్‌లో వీర్జీ వోరా అనే వర్తకుడు ఉండేవాడు. అప్పటి ఈస్టిండియా కంపెనీ దొరలు సొమ్ము చాలనప్పుడు అప్పు కోసం అతని గుమ్మం తొక్కేవారు. 1664లో శివాజీ సూరత్ మీద పడినప్పుడు దోపిడీకి గురైన ఇళ్లలో వీర్జీ వోరా ఇల్లు ముఖ్యమైనది. అంత దెబ్బ తర్వాత కూడా వ్యాపారం మానకపోవడానికి అతను 48 గంటలు నిరీక్షించలేదు. ఊరూరా ఉన్న గుమాస్తాలు, రావలసిన బాకీలు, హుండీలు అతని వెనక ఉన్నాయి. హుండీ అంటే తెలుగువారికి వెంటనే తోచే గుడి పెట్టె కాదు. ఒక ఊళ్లో రాసిచ్చిన కాగితాన్ని చూపి వేరొక ఊళ్లో సొమ్ము తీసుకునే వీలు కల్పించే వర్తకుల మాటపత్రం. నేటి సూరత్ మార్కెట్లోనూ అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ దలాలు, పైఊరి వ్యాపారి తరఫున పూచీ పడే ఆడతియా, నెలల తరబడి సాగే ఉధార్, అంటే అరువు, ఉంటాయి. చెల్లించలేక ఒక వ్యాపారి కొట్టు మూసి కనబడకుండా పోతే దాన్ని అక్కడివారు ‘ఉఠమణుం’ అంటారు. గుజరాతీలో అది చావు ఇంటి పరామర్శకు వాడే మాట. తెలుగునాట అదే పెద్దమనిషి ‘ఐపీ పెట్టాడు’ అనిపించుకుంటాడు. పరువు పోవడానికి రెండు భాషల్లోనూ పేరుంది, ఎందుకంటే రెండు చోట్లా పోగొట్టుకోవడానికి పరువంటూ ఒకటుంది. స్కైరిమ్‌లో ఏ వ్యాపారీ ఐపీ పెట్టడు, పెట్టలేడు. వ్యాపారం అప్పు మీద నడవని దేశంలో దివాలా ఎక్కడిది?

అక్కడ పెట్టుబడి లేదని అనడం అన్యాయం. మాటనేర్పు ఒక స్థాయికి చేరిన ఆటగాడు తనకు నచ్చిన దుకాణంలో 500 నాణేలు పెట్టుబడి పెట్టవచ్చు. దానివల్ల ఆ గల్లా శాశ్వతంగా 500 పెరుగుతుంది. లాభంలో వాటా లేదు, వడ్డీ లేదు, నోటు రాయించుకోవడం లేదు. తన సరుకు కొనడానికి తన సొమ్మునే వ్యాపారి చేతిలో పెట్టి మురిసిపోవడమే ఫలం. సూరత్‌లో దీన్ని ధర్మఖాతాలో రాస్తారు. అయితే ఆ దేశంలో ఆదాయమిచ్చే వ్యాపకం ఒకటి లేకపోలేదు, అది పెళ్లి. మెడలో ఒక తాయెత్తు వేసుకుని తిరిగితే సంబంధం కుదురుతుంది. కొత్త పెళ్లికూతురో పెళ్లికొడుకో వెంటనే కొట్టు పెట్టి, రోజుకు 100 నాణేల చొప్పున లాభం చేతిలో పెట్టడమే కాక వేడి అన్నం కూడా వండిపెడతారు. కట్నాల బేరాల్లో ఆరితేరిన మన ఊళ్లలో సైతం దినసరి చెల్లింపు పద్ధతి ఇంకా రాలేదు.

ధరల సంగతి మరీ వింత. ఇనుప బాకులు వందలకొద్దీ తయారుచేసి ఒకే ఊళ్లో కుమ్మరించినా బాకు ధర చిల్లిగవ్వ తగ్గదు. ఇనుప ఖనిజాన్ని వెండిగా, వెండిని బంగారంగా మార్చే మంత్రం ఒకటి దొంగల విడిదిలో పుస్తకరూపంలో దొరుకుతుంది. దాన్ని చదివినవాడు ఒక గనిని మొత్తం బంగారం చేసినా, బంగారం వెల దేశమంతటా రాతిగీతలా నిలిచి ఉంటుంది. వీటన్నింటినీ మించినది పత్తి కథ. ఆ మంచునేలల్లో ఒక రకం పత్తి విరగ పూస్తుంది, కానీ దాన్ని ఎవరూ వడకరు, నేయరు. సీతాకోకచిలుక రెక్కతో కలిపి కాచి కషాయం చేస్తారు, ఆ కషాయం తాగినవాడికి బేరమాడే శక్తి పెరుగుతుంది. శక్తి నిలిచేది 30 సెకన్లు; అయితే బేరపు పట్టిక తెరవగానే కాలమే ఆగిపోతుంది కనుక ఆ 30 సెకన్లు యుగాంతం వరకూ సాగుతాయి. తెలంగాణ నుంచి తరతరాలుగా వలసపోయి సూరత్ లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు మధ్య స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది! పాలియెస్టర్ నూలు బీముకెక్కించడం, తెగిన పోగు అతకడం, మగ్గం దించిన గ్రే గుడ్డను, అంటే అద్దకం పడని పచ్చి గుడ్డను, తానులుగా మడిచి పాండేసరా అద్దకం మిల్లులకు పంపడం, మజూరీ కోసం మీటరు మీటరుకూ వాదించడం, ఇంత శ్రమ తప్పి, పత్తి కషాయం ఒక గుక్క తాగి సేఠు ముందు నిలబడితే సరిపోయేది.

ఇక వజ్రం. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగా పోతాయని ప్రతీతి; 2023 డిసెంబర్ 17న అక్కడ ప్రారంభమైన డైమండ్ బోర్స్‌లో ఈ ఒక్క సరుకు వ్యాపారానికే 4,500కు పైగా కార్యాలయాలు కట్టారు. వరాఛాలోని కార్ఖానాల్లో రత్నకళాకారుడు, అంటే వజ్రాన్ని సానపట్టే పనివాడు, ‘ఘంటి’ అనే తిరుగుడు పళ్లెం ముందు వంగి, రాయిని ఒక క్షణం ఆనించి, పైకెత్తి, భూతద్దం కంటికి చేర్చి చూసి, మళ్లీ ఆనిస్తాడు. కంటికి ఆనని ఆ రాయికి 57 ముఖాలు తేలాలి. రంగు ఒక అర, స్వచ్ఛత ఒక అర, బరువు ఒక అర మారితే ధర ఎక్కడికో పోతుంది. బేరం కుదిరే లోపల కాగితపు పొట్లం పది చేతులు మారుతుంది. స్కైరిమ్‌లో వజ్రాలు రెండే రకాలు, మామూలుదీ మచ్చలేనిదీ. మొదటిదానికి 800 వెల, రెండోదానికి 1,000. ఎవరు తవ్వారో, ఎవరు సానపట్టారో గాని అవి వేల ఏళ్లనాటి సమాధుల్లో శవాల జేబుల్లో నిగనిగలాడుతూ దొరుకుతాయి. లెక్క సరిచూస్తే తేలేదేమిటంటే, సకలవస్తు వ్యాపారి గల్లా మొత్తం ఊడ్చినా ఒక మామూలు వజ్రం పుస్తకవిలువకు 50 తక్కువ.

ఇటువంటి సేఠును దోచుకోవడానికి శివాజీ దండు అక్కర్లేదు, ఒక బాల్చీ చాలు. కొట్టులోని బాల్చీని ఎత్తి వ్యాపారి తలమీద బోర్లిస్తే అతని చూపు అడ్డగించబడుతుందనీ, ఆపైన అరలన్నీ ఖాళీ చేసినా అతను చలించడనీ ఆటగాళ్లు 2011లోనే కనిపెట్టారు. తలమీద బాల్చీ పడ్డ మనిషి చేయెత్తి దాన్ని తీసుకోవాలన్న ఆలోచన ఆ ‘ప్రాణమున్న లోకం’లో ఎవరికీ రాలేదు. అదే రోజుల్లో, మనుషులెవరూ లేని చోట దొంగతనం చేసినా పక్కనున్న కోడి చూస్తే నేరం నమోదయ్యేది. దిద్దుబాటు వచ్చేదాకా ఆ రాజ్యంలో న్యాయవ్యవస్థ భారం కోళ్లే మోశాయి. దీనికి ముందటి ఆట ‘ఆబ్లివియన్’ (2006) మరొక అడుగు ముందే ఉంది: ఆటగాడు బలపడే కొద్దీ లోకమూ బలపడాలన్న నియమం వల్ల, కొన్నాళ్లకు దారిదోపిడీ దొంగలు సైతం అపురూపమైన గాజు కవచాలు తొడుక్కుని ఎదురై 100 నాణేలు అడిగేవారు. పట్టుపంచె కట్టుకుని ముష్టికి బయల్దేరినట్టు, ఒంటిమీది కవచం అమ్ముకుంటే ఊరే కొనవచ్చునని ఒక్క దొంగకూ తట్టలేదు.

మిగిలిన వాటిని తడిమి వదిలినా చాలు. మంత్రవిద్యాలయంలో వేళ్లమీద లెక్కించదగిన మంత్రాలు వేసినవాడు ప్రధానాచార్యుడవుతాడు, అదే వారంలో దొంగల సంఘానికీ అధ్యక్షుడవుతాడు, రెండు పదవులకూ రాజీనామా ఇవ్వడు. పురాతన సమాధి తలుపుకు మూడు బొమ్మల తాళం. ఆ బొమ్మల వరుస పంజా ఆకారపు తాళంచెవి అరచేతిమీదే చెక్కి ఉంటుంది. ఇంటికి తాళం వేసి చెవి చూరులో పెట్టి ‘చూరులో ఉంది’ అని తలుపుమీద రాసిన పూర్వీకుల తెలివికి జోహార్లు.

ఇవన్నీ ఎత్తిచూపితే భక్తులు చిరునవ్వు నవ్వి, అవి లోపాలు కావు, ఆట అందచందాలు అంటారు. ఆ అందచందాలను సహించలేక వందల తప్పులను సరిదిద్దే దిద్దుబాటు మూటను తయారుచేసింది కూడా భక్తులే, జీతం బత్తెం లేకుండా. సంస్థ మాత్రం అదే ఆటను 2016లో ప్రత్యేక ప్రతిగా, 2017లో నింటెండో స్విచ్ మీద, 2021లో పదేళ్ల పండగ ప్రతిగా తిరిగి తిరిగి అమ్మింది. 2015 ఏప్రిల్‌లోనైతే ఆటగాళ్లు చేసిన మార్పులను డబ్బుకు అమ్మే ఏర్పాటు కూడా పెట్టి, గోల రేగడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకుంది. వెట్టిచాకిరీ చేసినవారే మళ్లీ వెల చెల్లించి కొనుక్కోవడం అనే ఈ వ్యాపారసూత్రం ముందు సూరత్ దలాలు కూడా టోపీ తీయవలసిందే. గల్లాలో 750 ఉన్న సేఠును సృష్టించినవారు తమ గల్లా విషయంలో ఆ పొరపాటు చేయలేదు.

దీపావళినాడు సూరత్ దుకాణాల్లో చోపడా పూజ జరుగుతుంది. చోపడా అంటే లెక్కల పుస్తకం. కొత్త పుస్తకం మొదటి పుటమీద కుంకుమతో ‘శుభం, లాభం’ రాసి, లాభపంచమి నాటికి కొట్టు తెరిచి తొలి పద్దు వేస్తారు. స్కైరిమ్‌లోనూ పుస్తకాలకు కొదవ లేదు. ఆటగాడు తెరిచి చదవదగినవి వందల్లో ఉన్నాయి, దేవతల చరిత్రల నుంచి వంటల దాకా అందులో లేని విషయం లేదు. బెలెథోర్ బల్లమీద ఆ 750 నాణేలు ఎక్కడినుంచి వచ్చాయో రాసిన పుస్తకం మాత్రం లేదు. ఉన్నా, బాల్చీ కిందనుంచి అతనికి కనబడదు.