203.4 గంటల బావమరిది

మా బావమరిదిని వయసెంత అని అడిగితే కాస్త ఆలోచిస్తాడు. గంటలెన్ని అంటే మాత్రం తడుముకోడు. "టూ నాట్ త్రీ పాయింట్ ఫోర్." ఆరు నిమిషాలైతే పాయింట్ వన్. పైలట్ల లాగ్‌బుక్కులో కాలం అలా నడుస్తుంది. అక్కడ నడిస్తే నాకేం బాధ లేదు, మిస్సిసాగాలో మా ఇంట్లో కూడా అలాగే నడుస్తోంది. "అన్నానికి రారా" అని వాళ్ళక్క పిలిస్తే బేస్‌మెంట్లోంచి "పాయింట్ త్రీ, అక్కా!" అని వినబడుతుంది. అంటే పద్దెనిమిది నిమిషాలు. ఈలోగా పప్పుచారు చల్లారుతుంది, మా ఆవిడ వేడెక్కుతుంది.

ఈ గంటల వెనక మా మామగారి కొబ్బరితోట ఉంది. తణుకు దగ్గర ఎకరన్నర. కెనడాలో కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. గంటకి ముప్పాతిక సెంటు చొప్పున తోట మొత్తం గాల్లో కలిసింది. పుత్రరత్నం ఒంటారియో మీద చక్కర్లు కొడుతుంటే, అక్కడ ఒక్కో చెట్టూ పేరు మారిపోయింది. లైసెన్సు వచ్చింది, పీఆర్ వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఎవరిని కదిపినా వెయ్యి గంటలుంటే రమ్మంటారు. ఉద్యోగం లేకుండా ఆ వెయ్యి ఎక్కణ్ణుంచి వస్తాయో వాళ్ళు చెప్పరు.

పోనీ అమెరికా వెళ్ళరాదా అని ఎవరైనా అన్నారా, వాళ్ళ పని అయిపోయినట్టే. 2009లో బఫెలో దగ్గర కూలిన విమానం దగ్గర మొదలెడతాడు. ఆ తర్వాత వచ్చిన చట్టం, 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్లలో కోపైలట్‌కి కూడా మామూలుగా 1500 గంటలుండాలన్న నిబంధన, అన్నీ వరసగా వివరిస్తాడు. మా అమ్మాయి పుట్టినరోజుకి వచ్చిన పెద్దమనిషొకాయన కేకు ముక్క చేత్తో పట్టుకుని ఇదంతా నిలబడే విన్నాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

కాస్ట్‌కోకి వెళ్ళాలన్నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. టైర్లు తన్ని చూస్తాడు, దీపాలు చూస్తాడు, కిందకి వంగి ఏదో కారుతోందేమో చూస్తాడు. గొడుగు తీసుకెళ్ళాలా అని అడిగితే కిటికీలోంచి చూడ్డు. ఫోన్లో "సీ వై వై జెడ్" అంటూ పియర్సన్ విమానాశ్రయం వాతావరణ నివేదిక చదువుతాడు. గాలి దిశ చెబుతాడు, మేఘాల ఎత్తు చెబుతాడు. చివరికి నేను తడుస్తాను. పిజ్జా కొట్టువాడు పేరడిగితే "విక్టర్, ఎకో, నవంబర్..." అని అక్షరం అక్షరం అప్పజెప్పాడు. డబ్బా మీద "విక్టర్" అని రాసి ఇచ్చారు. ఆ రోజునుంచి మా అమ్మాయికి విక్టర్ మామయ్యే.

ఈ దేశంలో గంటలు తక్కువున్న పైలట్లకి ఒక తీర్థయాత్ర ఉంది. రెజ్యూమేలు కట్టగట్టుకుని ఉత్తరాదికి కారేసుకుపోవడం, ఊరూరా చీఫ్ పైలట్ తలుపు తట్టడం. రోడ్లు లేని పల్లెలకి సరుకులూ రోగులూ చిన్న విమానాల్లోనే వెళ్ళాలి గనక మొదటి ఉద్యోగాలు అక్కడే దొరుకుతాయి. మార్చి నెలలో మావాడూ బయల్దేరాడు. నా కొరొల్లాలో. "పదిరోజులే, బావా. మీకు చెక్కుచెదరకుండా తెచ్చిస్తాను." థండర్ బే దాకానే 1400 కిలోమీటర్లు. అదీ దాటి సూ లుకౌట్‌లో ఒకాయన రెజ్యూమే చదవకుండా వీడి చేతులకేసి చూశాట్ట. "బరువులెత్తగలవా?"

ఎత్తాడు. పద్నాలుగు నెలలు. కూల్‌డ్రింకుల కేసులు, డైపర్ల పెట్టెలు, పడవ మోటార్లు. అక్కడ దీన్ని ర్యాంపు పని అంటారు. బుద్ధిగా చేస్తే కాక్‌పిట్‌లోకి రానిస్తారు. మైనస్ 38లో తీసిన ఫొటో ఒకటి పంపాడు. కనురెప్పల మీద మంచు, రెండు చేతులా పొడుగాటి చీపురు, వెనక విమానం రెక్క. తణుకులో మా అత్తగారు అది చూసి, "విమానాలు ఊడుస్తున్నాడేమిట్రా నా తండ్రి!" అని ఏడ్చేసింది. "రెక్క మీద మంచుంటే లేవదమ్మా" అని వీడు. మామగారు మాత్రం ఊళ్ళో "మావాడు రెక్కల విభాగంలో ఉన్నాడు" అని చెప్పుకున్నారు. కొరొల్లాకి రాత్రిళ్ళు ప్లగ్గు పెట్టి ఇంజను వెచ్చబెడుతున్నాడట. అవును, కారు అక్కడే ఉంది. నేను బస్సులో తిరుగుతున్నాను.

ఇంతకీ నవ్వడానికి నాకున్న అర్హత తక్కువే. పౌరసత్వానికి అయిదేళ్ళలో 1095 రోజులు ఈ గడ్డమీద ఉండాలి. నా ఎక్సెల్ షీట్లో ప్రతి రోజూ ఒక గడి. మేనకోడలి పెళ్ళికి ఇరవై ఒక్క రోజులు హైదరాబాదులో ఉండి వచ్చి, విమానం దిగీ దిగగానే ఆ గడులకి ఎర్రరంగు పూశాను. పెళ్ళి భోజనం ఎలా ఉందో గుర్తులేదు.

మొన్న తెల్లవారకముందే ఫోను.

"బావా, కోపైలట్‌గా కుడి సీటు ఇచ్చారు. నిన్న ఎగిరాను."

"ఎంత?"

"వన్ పాయింట్ వన్."

"అంటే 204.5. పదిహేనువందలకి ఇంకా 1295.5" అన్నాను, పక్కమీంచి లేవకుండానే.

"మీకెన్ని, బావా?"

"అరవై ఒకటి."

కారు సంగతి అడుగుదామనుకుంటుండగా వంటింట్లోంచి మా ఆవిడ. "ఇద్దరి లెక్కలూ అయ్యాయా? కాఫీ చల్లారిపోతోంది, వస్తున్నారా లేదా?"

"పాయింట్ వన్!" అన్నాను.