ముత్తుకూరు ఊపిరితిత్తులు, సీ కేటగిరీ

మొత్తానికి కేంద్ర పర్యావరణ శాఖ మన ఊపిరితిత్తులకు కేటగిరీలు ఖరారు చేసింది. 2025 జూలై 11 నాటి నోటిఫికేషన్ సంగతి ఇదీ. ఢిల్లీ చుట్టుపక్కలగానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి పది కిలోమీటర్ల లోపుగానీ ఉన్న బొగ్గు కరెంటు ప్లాంటు ఏ కేటగిరీ. పొగలోంచి గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రం అది 2027 ఆఖరుకల్లా పెట్టి తీరాలి. బాగా కలుషితమైన చోట్లకు దగ్గరున్నవి బీ, వాటి సంగతి కమిటీ తీరిగ్గా చూస్తుంది. మిగిలినవన్నీ సీ. పొగగొట్టం తగినంత ఎత్తుంటే చాలు, యంత్రంతో పనిలేదు. దేశంలో దాదాపు 78 శాతం ప్లాంట్లు ఈ సీలోనే పడ్డాయి.

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం తీసుకోండి. ఒకపక్క సముద్రం, కృష్ణపట్నం రేవు, నేలటూరులో 2400 మెగావాట్ల జెన్‌కో ప్లాంటు, దాని చుట్టుపక్కల ప్రైవేటువి. నెల్లూరులోనే పది లక్షల జనం లేరు. పోనీ నెల్లూరు చుట్టూ పది కిలోమీటర్ల గీత గీసినా ముత్తుకూరు బయటే.

ఇక ఊరి సచివాలయంలో కులం, ఆదాయం సర్టిఫికెట్ల పక్కన ఊపిరితిత్తుల కౌంటరు తెరవడమే ఆలస్యం.

“ఏ ఊరు పెద్దాయనా?”

“ముత్తుకూరు సార్.”

“సీ. తర్వాత ఎవరు?”

“సార్, చలికాలం వస్తే రాత్రిళ్లు ఆయాసంగా ఉంటంది...”

“సీ కేటగిరీకి ఆయాసం వర్తించదు. నోటిఫికేషన్ చదువుకో.”

“మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటంది సార్.”

“ఆమె ఏ. సంక్రాంతికి వస్తదా?”

“వస్తది సార్, బిడ్డనెత్తుకుని.”

“అయితే పండగ నాలుగు రోజులూ టెంపరరీ సీ. తిరిగి పోయాక రెన్యువల్ చేయించుకోమను. పసిబిడ్డకు వేరే అప్లికేషన్, రెండు ఫొటోలు.”

పెళ్లిళ్ల పేరయ్యలకూ కొత్త పని తగులుతుంది. అమ్మాయి ఏ కేటగిరీ, అబ్బాయి సీ, జాతకాలు కలిసినా ఊపిరితిత్తులు కలవవు. అబ్బాయి పది కిలోమీటర్ల గీత ఇవతలకు కాపురం మారిస్తే ఆలోచిస్తామంటారు. పొగకూ కాస్త చదువు చెప్పించాలి. మైలురాయి మీద అంకె చదవడం వస్తే గీత దగ్గర తనే ఆగి వెనక్కి తిరుగుతుంది.

చదువు రాని పొగ మాత్రం రుతువును బట్టి నడుస్తుంది. సంక్రాంతి నెలల్లో రాత్రి నేల చల్లబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. తెల్లవారుజామున మంచుతోపాటు రోడ్ల దుమ్ము, చెత్తకుప్పల పొగ, బొగ్గు ధూళి కిందే ఉండిపోతాయి. ఎండాకాలం లెక్క వేరు. మధ్యాహ్నం గాలి సముద్రం మీది నుంచి తిరుగుతుంది. ఎత్తయిన గొట్టంలోంచి వచ్చిన పొగ కొంతదూరం ఆ చల్లగాలిలో పైపైనే పోతుంది. లోపలికి వెళ్లేకొద్దీ కాగిన నేల మీద సుళ్లు తిరిగే గాలి తగిలి, పైనున్నదంతా పైరు మీదికీ ఇళ్ల మీదికీ దిగుతుంది. అంటే గొట్టం ఎత్తు పెంచితే పొగ పోదు, అది దిగే ఊరు మారుతుంది. గంధకమైతే దారిలో కంటికి కనపడని సన్నటి ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోగలదు. గీత గీసినవాళ్ల ఊళ్లకు కూడా.

మన బొగ్గులో గంధకం తక్కువట, అదొక కారణం. కృష్ణపట్నంలో ఓడల నుంచి దిగే విదేశీ బొగ్గు కూడా మనదేనా మరి? యంత్రాలు వద్దనుకుంటే యూనిట్‌కు 25 నుంచి 30 పైసలు కలిసొస్తుందని పత్రికల్లో లెక్కలూ వచ్చాయి. ఆ పైసలు ఎవరి రొమ్ములోంచి తీసి మిగులుస్తున్నారో ఏ లెక్కలోనూ రాలేదు.

2015 డిసెంబరులో గంధకం పొగకు హద్దు పెట్టే రూలు తెచ్చింది ఈ పర్యావరణ శాఖే. రెండేళ్లలో అమలు కావాలన్నదీ ఈ శాఖే. గడువు మీద గడువు పొడిగిస్తూ పదేళ్లు లాగి, కట్టాల్సిన చోట కట్టనివాళ్లకే చివరికి మాఫీ రాసిచ్చింది. ఇది సైన్సు కాదు, సిగ్గులేనితనం. ఆ రూలు వచ్చిన నెలలో ముత్తుకూరులో పుట్టిన బిడ్డ ఈ మాఫీ వచ్చేనాటికి నాలుగో ఐదో తరగతికి వచ్చి ఉంటుంది. ఢిల్లీ బిడ్డకు చెడ్డదైన పొగ ఈ బిడ్డకు ఎట్లా మంచిదైందో చెప్పే బాధ్యత ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లది. నేలటూరుకు వచ్చి, ఊళ్లో సభ పెట్టి చెప్పండి. ఆ ప్లాంట్లకు భూములిచ్చింది అక్కడి జనం. కరెంటు వాడుకుంటున్నది మనమందరం.