అభయమిచ్చిన అప్‌డేటు

భద్రత పేర వచ్చు ఉపద్రవము తక్కిన ఉపద్రవములవలె గాక, ముందుగా అభయమిచ్చి మఱి వచ్చును. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్టు సంస్థ పంపిన విండోస్ అప్‌డేటు ఇట్టిది. గ్రబ్ అను లినక్స్ బూట్‌లోడరునందు 2022లో వెల్లడియైన లోపమును ఆసరాగొని దుష్టులు సెక్యూర్ బూట్ కాపలాను దాటిపోవచ్చును గావున, పాతబడిన బూట్‌లోడర్లను లోనికి రానీయని ఎస్‌బాట్ అను నిషేధమును యంత్రములందు ప్రతిష్ఠించుచున్నామనియు, విండోస్, లినక్స్ రెండును గల కంప్యూటర్లకు మాత్రము దీనిని వర్తింపజేయమనియు, కావున అట్టివాటికి బాధ యుండదనియు ఆ సంస్థ సెలవిచ్చెను. నిషేధము అనవసరమని నేననను. అభయవాక్యమును గూర్చియే నా వివాదము.

అప్‌డేటు వచ్చెను. ఉబుంటు అను లినక్స్‌ను తెఱవబోయిన పలువురి తెరపై, ఏదియో మిక్కిలి విపరీతము జరిగినదనియు, భద్రతా నియమము ఉల్లంఘింపబడినదనియు రెండు పంక్తులు మెఱసి, కంప్యూటరు తనంతట తాను ఆరిపోయెను. ఆ పలుకులు షిమ్ అను అల్పప్రాణియగు ప్రోగ్రామువి. ఈ యుదంతమున తొలుత సత్యము పలికిన పాత్ర అదియొక్కటే.

పిమ్మట వెలువడిన సమాధానము ఇంకను రమణీయము. కొన్ని ప్రత్యేక పద్ధతులలో నెలకొల్పిన ద్వంద్వ వ్యవస్థలను తమ పరీక్ష పసిగట్టలేకపోయినదట! ఇన్‌స్టాలరు అడిగిన ప్రశ్నలకెల్ల ‘కంటిన్యూ’ నొక్కుచు పోయిన ఇంజనీరింగు విద్యార్థి, తానొక ప్రత్యేక పద్ధతికి కర్తనైతినని కలనైన నెఱుంగునా? సామాన్యముగా అట్టి కంప్యూటరున ఈఎఫ్‌ఐ విభాగమునందు ఉబుంటు పేరిట ఫోల్డరుండును, బూట్ మెనూలో ఉబుంటు పేరుండును. ఒకే యింట రెండు కాపురములున్నవని గుమ్మమునకు వ్రేలాడు రెండు పేరుపలకలు చూచిన దారినపోవువాడైనను చెప్పగలడు గాని, లోనికి బోయి తాళమే మార్చినవానికి మాత్రము అవి కానరాలేదు.

ఇక చికిత్స వినుడు. ఫర్మ్‌వేర్ సెట్టింగులలోనికి పోయి సెక్యూర్ బూటును ఆపవలెను; ఉబుంటును తెఱచి టెర్మినలున మోక్‌యుటిల్ ఆదేశముతో ఎస్‌బాట్ నియమమును చెఱిపివేయవలెను; రీస్టార్టు చేసి, ఉబుంటును మరల నొకమాఱు తెఱచి, అటుపిమ్మట సెక్యూర్ బూటును తిరిగి నిలుపవలెను. కాపలాను బలపఱుపవచ్చిన మందు వికటించుటచే కాపలాదారునే సెలవుపై పంపుట ప్రథమ చికిత్స యయ్యెనన్నమాట. 

సెప్టెంబరు అప్‌డేటునుండి ఆ నియమమును తప్పించిరి. సంపూర్ణ పరిష్కారము 2025 మే నెలలో, మఱియొక విండోస్ అప్‌డేటు రూపమున విచ్చేసెను. టెర్మినలు మంత్రము తెలియక, ఉబుంటు తెఱవరాక, తొమ్మిది నెలలును విండోస్‌నందే కూర్చుండియున్నవానికి అది నిరాటంకముగా అందెను.