నేవీ పెదనాయన విజయము

కావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని పెద్దలు తేల్చారు. నగరానికి గిద్దలూరు ఉంది. శైలానికి నల్లమల ఉంది. సముద్రం దగ్గరే చిక్కు, అది ఒంగోలు దాటితే గాని మాకు కనపడదు. రుతువులంటారా, మావి రెండే: ఎండాకాలం, ట్యాంకరు కాలం. నాయకుడు మాత్రం సాక్షాత్తూ సముద్రం మీంచి దిగినవాడు గనుక ఈ లోపాన్ని రసజ్ఞులు మన్నించాలి.

ఆ నాయకుడు మా పెదనాయన. పదిహేనేళ్లు భారత నౌకాదళంలో కొలువు చేసి, పింఛను పుచ్చుకుని, గుంటూరులో మీటరుగేజీ బండెక్కి గిద్దలూరులో దిగాడు. వెంట ఒక నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరూ నెంబరూ.

పాలసముద్రం చిలికితే ముందు విషం పుట్టిందట. ఈ పెట్టె మూత లేస్తే ముందు నాఫ్తలీను ఉండల ఘాటు దిక్కులు కమ్మింది. ఆ వెనుక తెల్లని బెల్‌బాటం ప్యాంట్లు, మౌత్ ఆర్గాన్, వంకర తిరిగిన ఒక ఈల, బారల కొద్దీ తాడు వరసగా ఉద్భవించాయి. లక్ష్మీదేవి కోసం ఎదురుచూస్తున్న పెద్దమ్మ, "ఏందయ్యా, ఈ తాడు మన ఊళ్లో దొరకదా?" అంది. అడుగున విశాఖలో కొన్న చీర తేలాక గాని దేవతలు పూలవాన కురిపించలేదు.

తాడు మహిమ మర్నాడే తెలిసింది. మా బర్రె సామాన్యురాలు కాదు. దాని దెబ్బకు ఊళ్లో తెగని పలుపు లేదు, విరగని గుంజ లేదు. పెదనాయన దాని మెడకు బోలైన్ ముడి వేశాడు. ఓడలు రేవులో నిలిచే ముడి అది: ఎంత గుంజినా ఉచ్చు బిగుసుకోదు, మెడ నొక్కదు, జారదు, మనిషి విప్పితే మాత్రం చిటికెలో ఊడుతుంది. బర్రె ఒక జామంతా దిగ్గజంలా పోరాడి, చివరికి నౌకాదళానికి లొంగి నెమరు వేసుకుంది.

ఇక రణపర్వం. నౌకాదళ ముద్ర మీదుండే ప్రార్థన వరుణుడికి, మాకు మేలు చేయమని. పదిహేనేళ్లు ఆ దేవుడికి ఊడిగం చేసిన మనిషి ఊరికి ఆ దేవుడు ఒక్క చినుకుకూ పూచీ పడలేదు. వేసవి పొద్దున రోడ్డు చివర దుమ్ము లేచేది. ట్యాంకరు! స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలు, రంగు డబ్బాలు అక్షౌహిణులుగా కదిలేవి. పైపు చివర కోసం జరిగే ద్వంద్వయుద్ధాలు వర్ణించాలంటే నాకు ఆదిశేషుడి నాలుకలు కావాలి. అప్పుడు మోగేది ఈల. గాలినీ అలలనీ చీల్చుకుని ఓడంతా వినపడాలని చేసిన ఈల అది, పిడికిలి ముడిచి తెరిస్తే స్వరం మారుతుంది. ఆ పాంచజన్యం విని బిందెలు తమంత తామే బారు తీరాయని మా చిన్నాయన ప్రమాణం చేస్తాడు. నేను చూసినంతలో మనుషులే తీర్చారు, కాకపోతే నోరు మూసుకుని.

ఓడలోనూ మంచినీళ్లు కొలిచే వాడతారు. అందుకే మా కరువు ఆయనకు కొత్తగా తోచలేదు, ఒక చెంబుతో గడ్డం గీసుకునేవాడు. నల్లమల కింద సొరంగంలో కృష్ణ వస్తుందని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు ఊరంతా నోరు తెరిస్తే, "నీళ్ల కింద ఓడలు పోతుంటే, కొండ కింద నీళ్లు పోవా?" అన్నాడు. ఆ ధీమాతోనే పోయాడు.

సాయంత్రం బడి మైదానంలో వాలీబాల్. సున్నంతో గీతలు ఆయనే గీసేవాడు, నెట్టు ఆయనే బిగించేవాడు. బంతి గాలిలోకి లేస్తే నల్లమల మీద రెండో చంద్రుడు పొడిచినట్టుండేది. ఓడినవాళ్లు నెట్టు చుట్టాలి, ఆయన ఓడినా సరే. పొద్దు వాలాక మౌత్ ఆర్గాన్ మీద ఘంటసాల పాటలు. శ్రుతి అప్పుడప్పుడూ తుపాను వాతపడేది. అయినా మనవరాలు ఒళ్లో నిద్రపోయేదాకా పాట ఆగేది కాదు.

అసలైన యుద్ధం మాత్రం ఆయన నోట ఎన్నడూ కావ్యం కాలేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు నువ్వేం చేస్తున్నావని పిల్లలం వేధించేవాళ్లం. "ఊరంతా దీపాలార్పేశారు. నేను వంటగదిలో చీకట్లో ఎర్రగడ్డలు తరుగుతున్నా," అనేవాడు. "ఏడ్చావా?" అంటే, "ఎర్రగడ్డలు కదరా" అనేవాడు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు అంటూ ఆలంకారికులు నాలుగు రకాల నాయకుల్నే చెప్పి ఊరుకోవడం వాళ్ల తొందరపాటని నా అభిప్రాయం.

ఆ మర్నాటి రాత్రి కరాచీ రేవు మీద మన నౌకలు చేసిన దాడికి గుర్తుగా డిసెంబరు 4 నౌకాదళ దినమైంది. ఏటా ఆ రోజు ఆయన పేరిట బడి మైదానంలో వాలీబాల్ ఆడుతున్నాం. ఈసారి వచ్చేవాళ్లు ఒక బంతి తెండి, మా దాంట్లో గాలి నిలవడం లేదు. తాగేనీళ్లు కూడా ఇంటి దగ్గరే నింపుకోండి.