పాముగారికి ఇంకో ముద్ద

"మాస్టారూ, మావాడి పాము వారం రోజుల్నించి ఏమీ ముట్టట్లేదంటండీ. కళ్లు కూడా పాలు పట్టేసినట్టున్నాయంట. దిష్టేమోనండీ?"

మా వీధి చివర పిన్నిగారు గేటు పట్టుకుని అడిగిన మాట ఇది. వాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పెళ్లి మాటెత్తితే వచ్చే ఏడాదంటూనే, రెండేళ్ల కిందట ఒక బాల్ పైథాన్‌ని కొని గాజుపెట్టెలో పెట్టుకున్నాడు. ఆఫ్రికా కొండచిలువల జాతి. విషం ఉండదు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. వాడి ఫ్రిజ్‌లో పై అరలో ఆవకాయ, కింది అరలో గడ్డకట్టించిన ఎలుకలు. వీడియో కాల్‌లో మొదటిసారి ఆ ఫ్రిజ్ చూసిన రాత్రి పిన్నిగారు భోజనం మానేశారు. ఇప్పుడు పాము భోజనం మానేసిందని బెంగ పెట్టుకున్నారు.

"రెండు చుక్కలు పాలైనా పట్టరా అన్నానండీ. వినడు."

దిష్టి కాదు పిన్నిగారూ, కుబుసం. పాత తోలు కింద కొత్త తోలు తయారయ్యేటప్పుడు రెంటి మధ్యా నీరులాంటి ద్రవం చేరుతుంది. పాముకి కంటిరెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది, అదీ తోలులో భాగమే. ద్రవం దాని కిందికీ చేరేసరికి కన్ను నీలం కలిసిన పాలరంగుకి తిరుగుతుంది. చూపు సరిగా ఆనదు. ఒళ్లు మాసిన గుడ్డలా ఉంటుంది. చీకటి మూల చూసుకుని పడుకుంటుంది, కదిపితే బుస్సుమంటుంది. ఆ వారం పదిరోజులూ చాలా పాములు తిండి జోలికి పోవు. ఆ తరవాత పెదవుల దగ్గర తోలు చిట్లుతుంది. గరుకు రాయికో మానుకో మూతి రాసుకుంటూ, లోపలి వైపు బయటికి తిరగేసి మేజోడు విప్పినట్టు విప్పేసుకుని తన దారిన తను పోతుంది. ఇక ఆకలేస్తుంది.

అంటే ఆ వారం రోజులూ పాము అడిగేది ఒక్కటే: నన్ను వదిలేయండి బాబూ అని. మా గోదావరి జిల్లాల వాళ్లకి అర్థం కాని కోరిక కూడా ఈ లోకంలో అదొక్కటే. చాలండీ అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే జాతి మాది. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పరిచారు. ఆయన ఎన్ని తిన్నాడని ఎవరూ అడగలేదు. ఎన్ని పెట్టారన్నదే లెక్క. అల్లుడే తప్పించుకోలేనప్పుడు కాళ్లూ చేతులూ లేని పాము ఎక్కడ తప్పించుకుంటుంది?

ఏటా కార్తీకంలో నాగుల చవితి నాడు జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పుట్టల దగ్గర జరిగేది ఈ మర్యాదే. పుట్ట కట్టింది చెదపురుగులు. పాము అద్దె కట్టకుండా చేరిన మనిషి. ఆ అద్దె మనం కడతాం: చెంబుడు పాలు, చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్డు, పైన పసుపూ కుంకుమా. ఇందులో నాగుపాముకి ఎప్పుడైనా పనికొచ్చేది గుడ్డొక్కటే. పిల్లకి పాలిచ్చి పెంచే అలవాటు పాముల వంశంలోనే లేదు. తల్లిపాలు ఎరగని జాతికి మనం గేదెపాలు పోస్తాం, అదీ మీగడతో. కాఫీకి మాత్రం నీళ్లు కలిపినవి.

నేను కళ్లారా చూశాను, పాము పాలు తాగింది అనేవారు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. తాగే ఉంటుంది. రోజుల తరబడి నీళ్లివ్వకుండా బుట్టలో మాడ్చిన పాము ముందు పాములవాడు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. పాలు దానికి అరగవు. ఇక పాలు పోశాక దీపావళికి మిగిలిన టపాసులు పుట్ట దగ్గరే కాల్చే ఇళ్లు కూడా ఉన్నాయి. విందుకి పిలిచి గుమ్మంలో బాంబు పేల్చే మర్యాద ఇంకే జిల్లాలోనైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి.

మా అమ్మమ్మ కూడా పాలు పోసేది, ఆ మాట దాచను. పుట్ట మీద నాలుగు చుక్కలు చల్లి, దణ్ణం పెట్టి, చెవులకి పుట్టమన్ను రాసుకుని చక్కా వచ్చేసేది. ఆవిడ భక్తిలో సగం పాలు భయమే. పాముకి ఆ దూరం చాలు. ఇప్పుడు భయం పోయి ఫోన్ వచ్చింది. కన్ను తెల్లబారి కదలకుండా పడున్న తాచు కనపడితే చాలు, తపస్సులో ఉంది, దర్శనమిచ్చింది అంటూ చుట్టూ చేరిపోతారు. 2018లో గొల్లప్రోలు మండలం దుర్గాడలో ఒక పాముని సుబ్రహ్మణ్యస్వామి అన్నారు. ఎక్కడెక్కడి జనమో దర్శనానికి బారులు తీరారు. కొన్ని వారాలు పూజలందుకుని ఆ పాము చచ్చిపోయింది.

చూపు ఆనని తాచు పడగ ముందు గిన్నె పెట్టి సెల్ఫీ దిగేవారికి ఒక లెక్క. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి పోయినవాళ్లు సుమారు 12 లక్షల మందని, అంటే ఏడాదికి 58 వేలని, 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది.

పెంపుడు పాముల వాళ్లు మాత్రం చదువుకున్నవాళ్లు కదా అనుకోకండి. తినకపోతే బతికున్న ఎలుకని పెట్టెలో వదిలెయ్యి, ఆకలేసినప్పుడు అదే తింటుంది అని డల్లాస్ అబ్బాయికి ఓ స్నేహితుడు సలహా ఇచ్చాడట. కళ్లు కనపడని పాముని ఎలుకతో ఒకే గదిలో పెట్టి తలుపేస్తే ఎవరు ఎవర్ని తింటారో ఆ మేధావి ఆలోచించలేదు. ఎలుకకి పళ్లున్నాయి, దానికీ ఆకలేస్తుంది. పాముని కొరికి పుండ్లు చేస్తుంది. ఇంకొకడు తోలు లాగి సాయం చెయ్యమన్నాడట. కంటి మీద పొర లాగితే కన్నే పాడవుతుంది. దానికి కావలసింది పెట్టెలో కాస్త తేమ, ఓ తొట్టెడు నీళ్లు, ఒక గరుకు రాయి. మూడూ కలిపినా మన అతిథి మర్యాద కింద లెక్కకి రావు, అదీ చిక్కు.

మా ఊరి చుట్టూ పామాయిల్ తోటలు. పేరులోనే పాముందని మా పిల్లల పరాచికం. కొట్టిన మట్టలు కుప్పలుగా పడుంటాయి, గెలలకి ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక తాచులూ జెర్రిపోతులూ వస్తాయి. మొన్న మా పెరటి గోడవతల మట్టల సందులో నాకో కుబుసం దొరికింది. ఎండలో పెట్టి చూస్తే పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు, తల దగ్గర రెండు కంటిపొరలు చిన్న గాజుబిళ్లల్లా మెరుస్తున్నాయి. విడిచేటప్పుడు సాగుతుంది కనుక కుబుసం పాము కంటే పొడుగే ఉంటుంది. టీకొట్టు దాకా వెళ్లేసరికి దాని తాలూకు పాము మరో రెండడుగులు పెరిగింది. గల్లాపెట్టెలో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుందని కొట్టాయన అడిగి తీసుకున్నాడు. పాము వద్దని పారేసిందాన్ని మనం గల్లాపెట్టెలో దాచుకుంటున్నాం.

ఇదంతా విని తోటలో తాచుని పట్టి డబ్బాలో పెంచుదామనుకునే కుర్రాళ్లకి ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు ఇప్పుడు పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పట్టి పెంచితే మూడేళ్లకి తగ్గకుండా జైలు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకి కూడా 2024 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. జైల్లో మీకు పెట్టే తిండి మాత్రం కొసరి కొసరి వడ్డించరు.

తొమ్మిదో రోజున డల్లాస్‌లో కుబుసం ఊడింది, ముక్క తెగకుండా. మరో రెండు రోజులకి పాము ఎలుకని తిన్నది. పిన్నిగారు మంగళవారం గురవాయిగూడెం వెళ్లి మద్ది ఆంజనేయస్వామికి మొక్కు తీర్చుకుని, ప్రసాదం తెచ్చిచ్చారు. ప్రసాదంతో పాటు తెచ్చిన పాలు మాత్రం ఇద్దరం కాఫీలో పోసుకుని తాగాం.