పాస్‌వర్డ్ మనది, గుర్తు పక్కోడిది

జహీరాబాద్‌లో ఏ నెట్ సెంటర్ దగ్గరైనా పావుగంట నిలబడండి. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన పెద్దమనిషిని కుర్రాడు "పాస్‌వర్డ్ చెప్పు అన్నా" అని అడుగుతాడు. "నాకేం ఎరుక తమ్మీ? పోయినసారి నువ్వే పెట్టినవ్ గదా!" అని జవాబు. కుర్రాడు కౌంటర్ కింద నుంచి అట్ట ఊడిన నోట్‌బుక్ తీస్తాడు. సగం ఊరి గుట్టంతా అందులో నీలం బాల్‌పెన్నుతో వరుసగా రాసి ఉంటుంది.

సొంతంగా పెట్టుకునే స్వతంత్రులూ ఉన్నారు. బిడ్డ పేరు, పక్కన 123. ఈ జాడ్యం మనొక్కరిదే కాదు లెండి. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడితే, అన్నిటికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మావాళ్లలో తెలివైనవాడు బండి నంబర్ పెడతాడు: టీఎస్ 15తో మొదలయ్యేది, బస్టాండ్ ముందు ఊరంతా రోజూ చూసేది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. కొత్త బండి కొన్నాయన పాస్‌వర్డ్‌లో మాత్రం ఇంకా పాత బండే తోలుతున్నాడు.

జనాన్ని అని ఏం లాభం, పెద్దలు నేర్పిన చదువే అది. ఈ-ఆధార్ ఫైలు తెరవాలంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆపైన పుట్టిన సంవత్సరం కొట్టాలి. దేశం మొత్తానికీ ఒకటే సూత్రం. పేరూ వయసూ ఓటర్ల జాబితాలో అచ్చేసి ఉంటాయి. తీసివేత వస్తే చాలు. బ్యాంకులు ఇంకో ఆకు ఎక్కువే చదివాయి. స్టేట్‌మెంట్‌కు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని తెరిచే సూత్రం అదే మెయిల్‌లో రాసి పంపుతాయి. తాళం వేసి, చెవి ఎక్కడుందో తలుపు మీదే రాసినట్టు!

ఇక ఆఫీసులు. పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి అన్న శాసనానికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ రాసిన పత్రం. 2017లో ఆయనే, అందులో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానన్నాడు. ఆ ఏడే నిస్ట్ కూడా ఆ నియమాలను సడలించింది. ఆ కబురు మన ఆఫీసుల దాకా ఇంకా రాలేదు. అందుకే జహీరాబాద్@1 మూడు నెలలకు జహీరాబాద్@2 అవుతుంది. @14 నడుస్తోందంటే గుమాస్తా సర్వీసు ఎంతో లెక్కకట్టొచ్చు. అంత శ్రమ కూడా అక్కర్లేదు, మానిటర్ అంచున పసుపు చీటీ ఉంటుంది.

జ్ఞాపకశక్తి లేదనకండి. మా చుట్టుపక్కల ఊళ్లలో జరిగే పాత పంటల జాతరలో, బడి ముఖం చూడని ఆడవాళ్లు గంపల్లోని చిరుధాన్యాల రకాలన్నీ తడుముకోకుండా చెబుతారు. డిగ్రీలున్న మనకే ఒక్క మాట నిలవదు.

పొంతన లేని నాలుగు మాటలు పొడుగ్గా కలిపి పెట్టుకోండి. బిడ్డ పేరు వదిలేయండి. ముందుగా మెయిల్ పాస్‌వర్డే మార్చండి, ఎందుకంటే మిగతావన్నీ మరిచిపోయామని నొక్కితే లింకులు వచ్చేది ఆ మెయిల్‌కే.