కాంటా ముల్లు

నేను మనుషులను పాదాలతో గుర్తుపడతాను. పగిలిన మడమలు, కోళ్లఫారం వాసన వదలని వేళ్లు, ఇటుకబట్టీ బూడిద పట్టిన అరికాళ్లు. శామీర్‌పేట చెరువు దాటాక కరీంనగర్ రోడ్డు దిగి మట్టిబాట పట్టుకుని వస్తే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లను చూసుకునే ఒక చిన్న ఆశ్రమం ఉండేది. 2002లో నన్ను అక్కడికి తెచ్చారు. రేకు ఒళ్లు, పైన నల్ల రబ్బరు పట్టా, గుండ్రటి అద్దం కింద 120 దాకా అంకెలు, కడుపులో ఒక స్ప్రింగు. రోజూ పొద్దున నర్సమ్మ పక్కనున్న చిన్న చక్రం తిప్పి నా ముల్లును సున్నా మీదికి తెచ్చేది. ఆ తర్వాతే ఎవరినైనా ఎక్కనిచ్చేది.

మేడ్చల్ వైపు నాగ్‌పూర్ రోడ్డు, మా వైపు కరీంనగర్ రోడ్డు. రెండింటి మీదా లారీలు, దాబాలు, ఫ్యాక్టరీలు, ఊరు విడిచి కూలికి వచ్చిన జనం. నా దగ్గరికి వచ్చినవాళ్లెవరూ హెచ్.ఐ.వి. అన్న మాట పలికేవాళ్లు కాదు. "పెద్ద రోగం" అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. ఊళ్లో మాత్రం పేరు కన్నా ముందు ఒళ్లే బయటపెట్టేది. "ఏందిరా, గిట్ల బక్కగైనవ్? బొక్కలు తేలినయ్" అని నలుగురిలో ఒకరు అంటే చాలు, ఆ మనిషి మళ్లీ బజారుకు వచ్చేవాడు కాదు. 1985 నాటికే ఉగాండా పల్లెల్లో ఈ జబ్బును "స్లిమ్" అనేవారట, అంటే సన్నబడే జబ్బు. అక్కడి జనం కళ్లకు కూడా ముందు కనబడింది అదే.

వైద్యులకు దీనికొక లెక్క ఉంది. తగ్గాలని అనుకోకుండానే ఉన్న బరువులో పదో వంతుకు మించి పోయి, నెల రోజులకు పైగా విరేచనాలో, జ్వరమో, నీరసమో పట్టుకుంటే అది హెచ్.ఐ.వి. వల్ల వచ్చిన క్షీణత. 50 కిలోల మనిషి 45 కిందికి దిగితే ఆ గీత దాటినట్టే. కరిగేది కొవ్వు ఒక్కటే అయితే ఇంత భయం లేదు. కండ పోతుంది. బిందె ఎత్తే కండ, మెట్లెక్కే కండ, దగ్గి కఫం బయటికి తేవడానికి కావలసిన కండ.

ఎందుకు పోతుందో నర్సమ్మ కొత్తగా చేరిన ఆయాకు చెబుతుంటే విన్నాను. నోట్లో, గొంతులో తెల్లటి పూత వస్తే మెతుకు దిగదు. పేగుల్లో క్రిములు చేరితే తిన్నది ఒంటబట్టదు. దిగులు పట్టుకుంటే ఆకలే చచ్చిపోతుంది. పైగా వైరస్‌తో పోరాడే ఒళ్లు ఊరికే కూర్చున్నా ఎక్కువ ఖర్చు చేస్తుంది. పైకి ఏ లక్షణమూ లేనివారికే మామూలు కన్నా 10 శాతం ఎక్కువ శక్తి కావాలి. టీబీ లాంటిది తోడైతే 20 నుంచి 30 శాతం. ముద్ద మింగలేని రోజుల్లోనే ఎక్కువ తినాల్సి రావడం ఎంత అన్యాయమో!

2006 ఎండాకాలంలో తుర్కపల్లి వైపు కోళ్లఫారంలో పనిచేసే ఒకామె వచ్చింది. పెనిమిటి లారీ డ్రైవరు, రెండేళ్ల కిందటే పోయాడు. ఏడేళ్ల కొడుకు. మొదటిసారి ఎక్కినప్పుడు నా ముల్లు 44 దగ్గర ఆగింది. నెల తిరిగేసరికి 41. ఆ పై నెల 38. "ఇంక దిగితే దవాఖానల పడుకోబెట్టాలె అక్కా" అంది నర్సమ్మ.

మరుసటి వారం 38న్నర చూపించాను. నర్సమ్మ మొహం వెలిగింది. నాకు మాత్రం ఆ నిలబడటంలో తేడా తెలిసింది. ఎప్పుడూ మడమల మీద ఆనే మనిషి, ఈసారి బరువంతా కాలివేళ్ల మీదికి వాలింది. కదిలితే ఒడిలో ఏదో టక్కుమంది. ఆ చప్పుడు నర్సమ్మకూ వినబడింది. ముడి విప్పిస్తే రెండు రాళ్లు, ఒక్కొక్కటి పిడికిలంత. ఆమె తల ఎత్తలేదు.

"నేను దవాఖానల పడుంటే పోరన్ని ఎవరు చూస్తరు నర్సమ్మా?"

రాళ్లు కింద పెట్టి మళ్లీ ఎక్కింది. 37.

నర్సమ్మ కోప్పడలేదు. తల్లినీ కొడుకునీ ఆశ్రమంలోనే ఉంచుకుంది. కఫం పరీక్షలో టీబీ తేలింది. ముందు టీబీ మందులు, గొంతు పూతకు మందు. అవి ఒంటికి పట్టాక హెచ్.ఐ.వి.ని అణిచే ఏ.ఆర్.టి. మాత్రలు. ఈ మాత్రలను ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది, దేశం మొత్తానికీ 8 ఆసుపత్రుల్లో. 2001లో సిప్లా కంపెనీ యూసుఫ్ హమీద్ ఏడాది మందు 350 డాలర్లకే ఇస్తానని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు గానీ, నా మీద ఎక్కే కూలివాళ్లకు అదీ అందని ధరే. ఉచిత మందు వచ్చేదాకా నా ముల్లుకు దిగడమే తెలుసు.

తిండి కూడా నర్సమ్మ ఒక్కసారిగా కుక్కలేదు. మాడిన కడుపుకు అది ప్రాణం మీదికి తెస్తుందట. మొదట గ్లాసుడు గ్లాసుడు పల్చటి రాగిజావ, తర్వాత మెత్తగా ఉడికిన పెసరపప్పు అన్నం, ఆపైన గుడ్డు, పల్లీల పొడి. మూడు వారాలు ముల్లు కదలలేదు. నాలుగో వారం అర కిలో జరిగింది. పిల్లవాడు బోర్లా పడుకుని ముల్లు ఆగిన చోట నా అద్దం మీద పెన్నుతో గీత గీశాడు. ఆ పై వారం ఇంకో గీత. నర్సమ్మ రోజూ నన్ను తుడిచేది, ఆ గీతలను మాత్రం తుడవలేదు. పెరిగినప్పుడు కూడా తొందరపడి సంతోషించేది కాదామె. కాళ్లకు నీరు పట్టినా ముల్లు పైకి పోతుంది. అందుకే చీలమండ పైన వేలితో నొక్కి చూసేది, జబ్బకు టేపు చుట్టేది.

ఏడాది తిరిగేసరికి 47. తల్లి మళ్లీ పనికి పోయింది.

అప్పటి మందుల్లో స్టావుడిన్ ఒకటి. 60 కిలోలు దాటినవారికి 40 మిల్లీగ్రాములు, లోపువారికి 30, నా అంకెను బట్టే. ఆ తర్వాత అందరికీ 30 చాలన్నారు. దానితో కొందరికి బరువు పెరిగినా బుగ్గలు లోపలికి పోయేవి. ప్రాణం నిలిచినా మొహం చూసి జనం గుర్తుపట్టేవారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానెయ్యమంది. ఇప్పుడు డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకొకటి. నా కాలంలో చాలామందిని, నెత్తుట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాల లెక్క 200 కిందికి పడేదాకా ఆగమనేవారు. ఆ ఆగడంలోనే ఎంతమంది కండ కరిగిపోయిందో నాకు తెలుసు. 2017 నుంచి పాజిటివ్ అని తేలితే చాలు, కణాల లెక్కతో పనిలేకుండా మందు ఇస్తున్నారు. ఈ మార్పు ఇంకా ముందే రావలసింది.

నా స్ప్రింగు వదులైంది. మూలన పెట్టారు. అయినా మీకొక మాట చెప్పాలి. మీ ఇంట్లో ఎవరి జాకెట్టైనా వదులైతే, గాజులు మోచేతి దాకా జారుతుంటే, బెల్టుకు కొత్త రంధ్రం పడితే, "టెన్షన్‌తో సన్నబడ్డడు" అని ఊరుకోకండి. కాంటా ఎక్కించి అంకె రాసిపెట్టండి. నెలకు మళ్లీ చూడండి. దిగుతుంటే సర్కారు దవాఖానకు తీసుకుపోండి. షుగరుకు, టీబీకి, హెచ్.ఐ.వి.కి పరీక్షలు అక్కడ ఉచితం. హెచ్.ఐ.వి. ఉందన్న సంగతి గుట్టుగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. ఏదైనా అడగాలంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. చెప్పులు విప్పి, ఒడి ఖాళీ చేసుకుని ఎక్కండి.